ఫోన్‌లో వచ్చినవాడి గేట్ పాస్

మంగళవారం, సెక్టర్ 6

ప్లాంటులో డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుంటే ఫోన్ మోగింది. క్రెడిట్ కార్డు బ్యాంకు నుంచట. నా పేరు, క్వార్టర్ నంబరు చెప్పి, కార్డు నంబరు సరిచూడాలన్నాడు. హిందీలో ఎంత మర్యాదో! నేను సగం అంకెలు చదివేశాను. మా ఆవిడ సీతాలు రిసీవర్ లాక్కుని పెట్టేసింది.

"నా పేరు తెలిసినవాడే కదే!" అన్నాను విసుగ్గా.

"ప్లాంటు గేటు కాడ గార్డుకి మీ మొకం బాగా తెల్సు. అయినా పాస్ సూపించందే లోపలికి ఒగ్గుతాడేటి? ఈడి మొకమైనా సూసారా?"

కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేస్తే, మేం చెయ్యలేదన్నారు బ్యాంకువాళ్ళు. రోజూ ఆ పాస్ చూపించేది నేను. ఈ ముక్క నాకెందుకు తట్టలేదు! భలే మనిషి మా సీతాలు. వాడికి నా పేరెలా తెలిసిందో మాత్రం...

అన్నం తింటుంటే ఫోన్ మళ్ళీ మోగింది. సీతాలే ఎత్తి, కాసేపు విని, వాడి హిందీలోనే చల్లగా అంది:

"భయ్యా, పహలే గేట్ పాస్ దిఖావో!"