పడవ నోరు మూసినవాళ్ళు

సూరిన్ దీవి

సహాయ కార్యాలయం విచియన్ గారికి, మిసియా నమస్కరించి రాసేది.

పెద్ద అల మా ఇళ్ళు పట్టుకుపోయింది. వెనకే మీరొచ్చి ఇళ్ళు కట్టించారు, సంతోషం. కానీ నేను పీతలకు పోయిన పూట, మా నాన్న చేసిన పడవ రెండు కొసల్లోని గంట్లనూ మీ వడ్రంగులు చెక్కలు బిగించి మూసేశారు. ముందుది దాని నోరు, వెనకది ముడ్డి. మా పడవ తింటుంది, విసర్జిస్తుంది, ఏదీ దాచుకోదు. మేమూ అంతే. నీళ్ళలోంచి ఎక్కడానికి కాలు పెట్టేదీ అక్కడే. అవతలి దీవిలో మా చెల్లికి నెలలు నిండాయి. పురుడు పోసేది మా అత్త. గాలి తిరగకముందే వెళ్ళాలి, దయచేసి తెరిపించండి.

ఇట్లు,
పడవవాళ్ళ మిసియా

తా.క.: కంబళ్ళు అందాయి. చలి ఎప్పుడు పంపుతారు?

---

17వ నంబరు ఇంటి లబ్ధిదారురాలికి,

మీ ప్రశంసకు ధన్యవాదాలు. అల దెబ్బకు విరిగిన మీ పడవను ఉచితంగానే బాగుచేశాం, రుణపడనక్కర్లేదు. విసర్జన సమస్య గమనించాం. మలబద్ధకానికి మందు పంపుతున్నాం.

భవదీయుడు,
విచియన్

తా.క.: పడుకునే ముందు తాగాలి. పిల్లలకు సగం.

---

విచియన్ గారికి,

అల విరిచింది కాదయ్యా, మా నాన్న గొడ్డలితో చెక్కింది! మందు పడవకి పొయ్యమంటారా? ఒళ్ళు మండిపోతోంది. నిన్న మా అత్త ఈదుకుంటూ వచ్చి ఎక్కబోయి, కాలు పెట్టే చోటు లేక జారి మోకాలు చీరుకుంది. వాకిళ్ళు కొండకేసి పెట్టారు, సముద్రం చూడాలంటే వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తున్నాం. ఓర్చుకున్నాం. మనుషులకు నంబర్లు తగిలించారు. అదీ ఓర్చుకున్నాం. పడవ జోలికి రాకండి.

మిసియా (పదిహేడు కాదు)

తా.క.: మందు మీ కుక్క తాగింది. మీ మెట్లు మీరే కడుక్కోండి.

---

17వ నంబరు ఇంటి లబ్ధిదారురాలికి,

పడవ మీద మీ ప్రేమ మమ్మల్ని కదిలించింది. అందుకే దాన్ని మీ సంస్కృతికి గుర్తుగా ఆఫీసు ముందు నిలబెడుతున్నాం. కదలకుండా సోమవారం అడుగున సిమెంటు పోయిస్తాం. దాతలు వస్తారు. మీరు సంప్రదాయ దుస్తుల్లో పక్కన నిలబడాలి.

భవదీయుడు,
విచియన్

తా.క.: మీ సంప్రదాయ దుస్తులు మేమే కుట్టిస్తున్నాం. కొలతలు పంపండి.

---

విచియన్ గారూ,

ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోస్తున్నాను. మీ ఆఫీసుకి ముందొక కంత, వెనకొక కంత కనబడ్డాయి. పాపం, అల కొట్టినట్టుంది. మధ్యాహ్నం మీరు కునుకు తీస్తుండగా, మా పడవకు మీరు బిగించిన చెక్కలే ఊడబీకి, అడ్డంగా కొట్టి రెండూ బాగుచేశాం. ఉచితంగానే, రుణపడనక్కర్లేదు.

మా పడవ నోరు తెరిచింది. అత్త కాలు పెట్టి ఎక్కేసింది. గాలి ఇంకా తిరగలేదు, పురిటికి అందుకుంటాం. పుట్టబోయే బిడ్డకు నంబరు వెతక్కండి.

ఇట్లు,
మిసియా. ఇంటి నంబరు లేదు, ఇంట్లోనూ లేను.

తా.క.: కిటికీ ఊచల మధ్య ఎండుచేపలు పెట్టాను. మరుగుదొడ్డేమో మీ వెనక తలుపుకి అవతల కదా, చూసుకుని తినండి.