లండన్‌లో నీ పేరు రాసుకున్నారట

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. రాజధాని కూడా కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఊరివాళ్ల కోసం నువ్వు మన వసారాలో పెట్టిన పుస్తకాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అడిగినవాళ్లకు చదువుకోను నేనే ఇస్తున్నాను.

నీ దగ్గర చదువుకుని గ్రంథాలయంలో ఉద్యోగం తెచ్చుకున్న అర్ధవీడు యోహానును, అక్కడి గ్రంథాలయాలు చూసి రమ్మని సర్కారు లండన్ పంపింది. నిన్న మార్కాపురంలో సన్మానం చేశారు. నిచ్చెనేసుకుని ఎక్కే బీరువాలట, అద్దాల పెట్టెలో మన తెలుగు తాటాకు పుస్తకాలట. అతను చెబుతుంటే నాకు కడుపు మండింది. నేను ఇటు మార్కాపురం, అటు పెద్దదోర్నాల దాటి ఎరగను.

సభయ్యాక నా దగ్గరికొచ్చాడు. "వదినా, పుస్తకం తీసుకపోయేటోడు ముందు ఒక పేజీ పైకి చదివి వినిపించాలని అన్న పెట్టిన పద్ధతి లండనోళ్లకు చెప్పినాను. అన్న పేరు రాసుకున్నారు" అన్నాడు.

ఆ పద్ధతి నాది బావా. నువ్వు చేలోకి పోతే పుస్తకాలిచ్చేది నేను. అప్పట్లో నాకు అక్షరం రాదు. లోపల ఏముందో వినకుండా ఇయ్యనని పట్టుబట్టేదాన్ని. వాళ్లు చదువుతుంటే అక్షరాల మీద వేలు పెట్టి చూస్తూనే నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. పోయిన మొగుడి మీద అసూయని ఎవరితో చెప్పుకోను?

ఈ పొద్దున పుస్తకానికి వచ్చిన ఇద్దరిచేతా రెండేసి పేజీలు చదివించాను. పద్ధతి మారిందన్నాను. మొదటి పేజీ నీ పేరున. రెండోది నాది.