చలమయ్య గొంతుకి ఒక అర

జులై 1, మంగళవారం

కొత్త డిస్క్ వచ్చింది. అరచేతిలో సగం లేదు. చలమయ్య గొంతంతా ఇందులో పడుతుందట. యాభై ఏళ్లు ట్రంకుపెట్టెలు చేసినవాణ్ణి, ఏ పెట్టెలో ఎంత పడుతుందో చూసి చెబుతాను. దీన్ని చూసి ఏమీ చెప్పలేకపోయాను.

చలమయ్య చేపల బోటు నడిపే సరంగు. నా స్నేహితుడు. వాడి గొంతులో పుండు. పదకొండో తారీకున ఆపరేషన్. మాట పుట్టే చోటే తీసేస్తారట. నా కోడలు షగుఫ్తా మా దుకాణం ముందు గదిలో జిరాక్స్, ఆన్‌లైన్ పనులు చేస్తుంది. ఈలోగా ఆయన మాటలన్నీ రికార్డు చేద్దాం అబ్బాజీ, తర్వాత ఫోన్‌లో నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది అంది.

పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసింది. డిస్క్ సంగతి నేను చూస్తానన్నాను. మీకు ఇంగ్లీషు రాదు కదా అంది. అక్షరాలు వచ్చు. పెట్టెల మీద పేర్లు రాసీ రాసీ తెలుగూ నేర్చాను, ఇంగ్లీషూ నేర్చాను. అర్థం నీది, అక్షరం నాది అన్నాను.

జులై 2, బుధవారం

చేశాను!

ముందు ఉన్న డిస్క్‌లన్నీ వరసగా చూపించమన్నాం. ఎస్‌డిఎ పాతది, లైనక్స్ ఉన్నది. ఎస్‌డిబి కొత్తది. బి బదులు ఎ కొట్టారో మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది అబ్బాజీ అని షగుఫ్తా నా వీపు వెనక ఒకటే గోల. బి కొట్టాను.

ఎఫ్‌డిస్క్ అంటే అరలు వేయడం. పార్టిషన్. అది నాకొకరు చెప్పాలా? మొత్తానికి ఒకే అర వేశాను. డబ్ల్యూ నొక్కేదాకా ఏదీ ఖాయం కాదట. అంటే డబ్ల్యూ నా కత్తెర. నొక్కాను.

ఆ తర్వాత ఫైల్‌సిస్టమ్. అర ఒక్కటే ఉంటే చాలదు, ఏది ఎక్కడ పెట్టామో దానికి గుర్తుండాలి. ఎక్స్‌టి4 వేశాను. డన్, డన్, డన్ అంది. ఇన్నేళ్లలో నా పని చూసి వెంటనే బాగుందన్నవాడు లేడు.

గొంతు అని ఫోల్డర్ చేసి డిస్క్‌ని దాని మీద మౌంట్ చేశాను, అంటే కూర్చోబెట్టాను. ఇక ఆ ఫోల్డర్‌లో వేసిందల్లా కొత్త డిస్క్‌లోకే పోతుంది. లేచి రెండు చేతులూ పైకెత్తాను. జిరాక్స్‌కి వచ్చినవాళ్లు చూశారు. చూడనీ.

జులై 3, గురువారం

చలమయ్య మైకు ముందు కూర్చుని దగ్గాడు. ఏటి సెప్పమంటావ్ బావా, ముందు టీ సెప్పు అన్నాడు. అదే మొదటి ఫైలు. విని వాడే జడుసుకున్నాడు. నా గొంతు ఇంత దరిద్రంగా ఉంటాదా, పోతే పోనీ అన్నాడు. వాడి పెళ్లాం పోతమ్మ, ఇన్నేల్లూ నాను ఇన్లేదేటి, నీకు ఇయాలే తెలిసిందేటి అంది.

జులై 4, శుక్రవారం, జుమ్మా నుంచి వచ్చాక

ఎఫ్‌స్టాబ్‌లో లైను రాశారా అని షగుఫ్తా అడిగింది. అది రాయకపోతే కంప్యూటర్ ఆగి మొదలైనప్పుడు డిస్క్ దానంతట అది మౌంట్ అవదట. ఆ లైన్‌లో యుయుఐడి అని గూడ్సు బండంత పొడుగున అంకెలూ అక్షరాలూ. రాశానని చెప్పాను. రాయలేదు. ఒకసారి కూర్చోబెట్టిన డిస్క్ లేచి ఎక్కడికి పోతుంది?

జులై 5, శనివారం

కరెంటు పోయింది, వచ్చింది. మళ్లీ ఆన్ చేశాం. పని సాగుతోంది.

జులై 8, మంగళవారం

ఎన్ని మాటలో! చేపల బేరం. మనవరాలిని పిలవడం. ఏ కొండ ఏ కొండ పక్కకి వచ్చేసరికి వల దించాలో. నా మీద తిట్లు మాత్రం విడిగా, ఓపిగ్గా చెప్పాడు. ఇవే ఎక్కువ పనికొస్తాయి బావా అన్నాడు.

చివర్లో పోతమ్మ, ఎప్పుడూ ఒసే అనే పిలిసినావు, ఒక్కపాలి నా పేరు పెట్టి పిలు మావా అంది. వాడు మైకు అలాగే ఉంచమని, మమ్మల్ని బయటికి పొమ్మని తలుపేసుకున్నాడు. చాలాసేపు. పోతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, బాగానే కూసాడు అంది.

జులై 11, శుక్రవారం

చలమయ్యని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. జాగర్త బావా అన్నాడు. అదే ఆఖరు మాట. అది రికార్డు చేయలేదు.

జులై 12, శనివారం, పదకొండు గంటలు

ఆపరేషన్ బాగా జరిగింది. వాడు కళ్లు తెరిచాడట.

ఇక్కడ గొంతు లేదు. డిస్క్ మౌంట్ అయి లేదేంటని షగుఫ్తా తనే మౌంట్ చేసి ఫోల్డర్ తెరిచింది. గురువారానివీ శుక్రవారానివీ ఉన్నాయి. ఆ తర్వాతవి ఒక్కటీ లేవు. పోతమ్మ పేరు లేదు. లైను రాయలేదని చెప్పాను. షగుఫ్తా కీబోర్డు తన వైపు లాక్కుంది. తిట్టినా బాగుండేది. పోతమ్మ ఫోన్ చేస్తోంది. ఎత్తలేదు.

అదే రోజు, రెండు గంటలు

ఉంది! ఉంది! ఉంది!

ఏ డిస్క్ ఎంత నిండిందో షగుఫ్తా చూసింది. పాతది ఇంత బరువెక్కిందేంటి అంది. మీ పెళ్లిపెట్టెల్లో పై ట్రే ఉంటుంది కదా అబ్బాజీ అంది. ఉంటుంది, గాజులకి, చెవులు పట్టి ఎత్తితే వచ్చేస్తుంది అన్నాను. ట్రే దించితే కింద చీరలు కనిపిస్తాయా అంది. కనిపించవు. పోయినట్టా అంది.

అల్లా! కరెంటు పోయినప్పుడు ట్రే, అంటే కొత్త డిస్క్, లేచిపోయింది. మాటలన్నీ పెట్టె అడుగున, పాత డిస్క్‌లో పడ్డాయి. ఇందాక మౌంట్ చేసి వాటి మీద ట్రే దించాం. వేల ట్రేలు బిగించిన వాణ్ణి, కోడలు చెబితే గానీ తెలియలేదు. కోపం వచ్చింది. సంతోషం దాన్ని తొక్కేసింది.

ట్రే ఎత్తే మాట యుమౌంట్, అది నేనే కొట్టాను. తెరిచాం. అన్నీ ఉన్నాయి. నేను వేసిన కేకకి పక్క కొట్టు ఫారూఖ్ నాకేమైందో అని నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

అడుగున ఉన్నవి పక్కకి తీసి, మౌంట్ చేసి, కొత్త డిస్క్‌లో సర్దాం. ఆ గూడ్సు బండి లైను నేనే రాశాను, ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ. ఆపి ఆన్ చేశాను. డిస్క్ తనంతట తనే వచ్చి కూర్చుంది! మళ్లీ ఆపి ఆన్ చేశాను. మళ్లీ వచ్చింది. ఇక ఆపండి అబ్బాజీ, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు అంది.

పోతమ్మకి నేనే ఫోన్ చేశాను. ఏటన్నా, ఇందాక ఎత్తలేదేటి అంది. పనిలో ఉన్నానన్నాను.

జులై 13, ఆదివారం

పోతమ్మ ఫోన్‌లో ఆ ఫైలు వేశాం. మేం బయటికి వచ్చి తలుపేశాం.

ఆగస్టు 10, ఆదివారం

మెడకి గుడ్డ కట్టుకుని చలమయ్య నడిచి వచ్చాడు. ఫోన్ నొక్కాడు. దగ్గు. ముందు టీ సెప్పు.

చెప్పాను.