మూడో పిలుపు

అన్నా, నువ్వు కొల్లాపూర్ అడవిలో తప్పిపోయిన రోజు బాపు పిలుపు నీకు వినపడిందా? ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. బాపు రెండుసార్లు పిలిచి, నువ్వు పలకకపోయేసరికి తిరిగి వచ్చేశాడు.

ఇవాళ ఎడ్లబండి కట్టించుకుని మొదటిసారి అక్కడికి వెళ్లాను. దయ్యాల అడవి అంటారు గానీ, మోదుగుపూలతో ఎంత అందంగా ఉందో! కొండ అంచున నిలబడి నీ పేరు పిలిచాను. తోడొచ్చిన చెంచు లచ్చమ్మ నవ్వింది.

"ఒక్కసారికే ఎవరు పలుకుతరు దొరసానీ? దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషి. పట్నంల గింత సదివినవ్, గిది ఎరుకలేదా?"

నీకు ఎరుకేనా? మూడో పిలుపు కోసం ఆగావా, అప్పటికే వినపడనంత దూరం వెళ్లిపోయావా? దయ్యాలను నమ్మని నేనే మరో రెండుసార్లు పిలిచి, చెవి ఒగ్గి నిలబడ్డాను. లోయలో నెమలి కూసింది.

రేపు ఇంటికి వెళ్లగానే అడవి ఎట్లుందని బాపు అడుగుతాడు. లచ్చమ్మ మాట ఆయనకు చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.