కలరా ఉండలకి లొంగని సెంటు

డిసెంబరు, మంగళవారం రాత్రి

సెంటు సంగతి ఈరోజు తేల్చేసినాను. షాపులో కాగితం మీద కొట్టి చూపించినప్పుడు రెండు సెంట్లూ వెచ్చగానే ఉన్నాయి. రెండూ అంబరే, రెండిట్లోనూ చెక్క వాసనే. ఒకటి పాకంలా తీపి, ఇంకోటి అప్పుడే చిత్రిక పట్టిన చెక్కలా పొడి. ఆయనా, పాపా తీపిదానికే ఓటేసినారు.

చలికాలం నా ఒంటి మీదుండేది స్వెట్టరు గానీ కాగితమేటి? అందుకే పొద్దున కలరా ఉండలేసిన ట్రంకులోంచి స్వెట్టరు తీసి వేసుకుని, దాని ఎడమ చేతికి తీపి శాంపిలు, కుడి చేతికి పొడిది కొట్టుకుని నిమ్‌పురా రైల్వే షెడ్డుకి డ్యూటీకెళ్లినాను.

మధ్యాహ్నానికి ఎడమ చెయ్యి కలరా ఉండల మధ్య దాచిన లడ్డూలా తయారైంది. కుడి చేతికి కలరా ఉండల జాడే లేదు. నాతో పనిచేసే బెంగాలీ దాదా రెండూ వాసన చూసి, "దీదీ, ఎడమ చెయ్యి రేపు ఇంట్లో వదిలేసి రా" అన్నాడు.

ఆదివారం పొడిదే కొంటాను. ఆయన మొహం మాడ్చుకుంటారేమో. పోయినసారి కర్టెన్ల దగ్గరా నా మాటే నెగ్గింది మరి...

అంత ఇష్టమైతే తీపిది ఆయనే కొట్టుకోవచ్చు. ఆయన స్వెట్టరూ ఆ ట్రంకులోనే ఉంది.