రహీం భాయ్ ల్యాప్‌టాప్‌లో సౌండ్

మంగళవారం

బార్కస్‌లో రహీం భాయ్ ఇంటి నుంచి వచ్చాక అన్నం సయించలేదు.

రహీం భాయ్‌కి చూపు పోయి రెండేళ్లయింది. తెర మీది అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపిస్తేనే ఆయన పని చేయగలడు. రేపు పొద్దున ఆఫీసులో, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మీద పరీక్ష. పాసైతేనే ఉద్యోగం నిలుస్తుంది. సాధన కోసం ఆయన ల్యాప్‌టాప్‌లో, విండోస్ చెరపకుండా, లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్ పెట్టి అందులో లినక్స్ ఎక్కించాను. అది నోరు మెదపలేదు. ల్యాప్‌టాప్‌లోని సౌండ్ చిప్‌కు ఫర్మ్‌వేర్, అంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్, కావాలనుకొని నాలుగు రోజులు దొరికినదల్లా ఎక్కిస్తూ కూర్చున్నాను.

అసలు సంగతి ఈ మధ్యాహ్నం తెలిసింది. వర్చువల్ మెషీన్‌కు ఆ చిప్ కనిపించనే కనిపించదు. దానికి ఉండేది ఉత్తుత్తి సౌండ్ కార్డు. దానికి ఫర్మ్‌వేరే అక్కర్లేదు. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేయడం నేనే మరిచాను. ఒక్క టిక్కు పెట్టగానే గడగడా చదివింది.

"వారెవ్వా! ఏం జేసిన్రన్నా?"

"ఫర్మ్‌వేర్ కుదిరింది" అన్నాను. ఆయనకు తెర కనిపించదు కదా.

"నాల్గు దినాలు మిమ్మల్ని మస్తు పరేషాన్ చేసిన. నా డబ్బానే ఖరాబ్. మాఫ్ చేయున్రి."

సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను. లినక్స్‌లో ఏ మీట నొక్కితే ఏది చదువుతుందో ఆయనకు అందడం లేదు. మాటిమాటికీ వేళ్లు ఆగిపోతున్నాయి.

"ఇంకో నాల్గు దినాలు దొరికుంటే వచ్చేస్తుండె అన్నా" అన్నాడు, నవ్వుతూనే.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.