మడతపడిన చెవి

ఛత్రినాక,
డిసెంబర్ 6

ప్రియమైన గీతకు,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. అందుకే ఉత్తరం. తొలి కాన్పుకని తాండూరు వెళ్ళినదానివి, ఇంకా తిరిగి రాలేదు. తొందరపెట్టను. బాబు ఊపిరి లేకుండా పుట్టాడని తెలిసి నేను పరుగెత్తుకొచ్చేసరికే మట్టి చేసేశారు. నువ్వు కనీసం వాణ్ణి చూశావు. నాకు ఆ పాటి కూడా దక్కలేదు.

గణపతి విగ్రహాల పని అయిపోయి ఖాళీగా ఉంటే, చాంద్రాయణగుట్ట దగ్గరి చిన్న చర్చి పెద్ద బాబురావన్న వచ్చాడు. క్రిస్మస్ పాకలో గడ్డి మీద పడుకోబెట్టడానికి బాలయేసు బొమ్మ కావాలట. "నాకు అమ్మవార్లు, గణపతులే వస్తయన్నా" అన్నాను.

"దేవుని లెక్క చెయ్యకు భాయ్, పిల్లగాని లెక్క చెయ్యి. మా దేవుడు మనిషి వేషం ఎయ్యలె, మనిషే అయిండు. ఆకలైతె ఏడ్సిండు, చలైతె వణికిండు" అన్నాడాయన.

ఒప్పుకున్నాను. ఒళ్ళు కుదిరింది. ముఖమే కుదరడం లేదు.

నీ కోసం ఎదురుచూసే
శ్రవణ్

తాండూరు,
డిసెంబర్ 11

ప్రియమైన బావకు,

అమ్మ నీ దగ్గు తగ్గిందా అని అడుగుతోంది. వేళకు తింటున్నావో లేదో.

పసిపిల్లల బొమ్మల గురించి మాత్రం నాకు రాయకు. దేవుడికి పుట్టాల్సిన అవసరమేమొచ్చింది? పుట్టి బతకాల్సినవాళ్ళకే దిక్కులేదు. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి.

గీత

ఛత్రినాక,
డిసెంబర్ 16

ప్రియమైన గీతకు,

కోప్పడకు. ఇది నీకు కాక ఇంకెవరికి రాయను?

ముఖం ముగించి, తడిగుడ్డ కప్పి, రేకుల షెడ్డుకు తాళం వేసి వచ్చాను. తెల్లారి చూస్తే ఎడమ చెవి పై అంచు లోపలికి మడతపడి ఉంది. మట్టి జారిందనుకొని సరిచేశాను. మర్నాడు మళ్ళీ అదే మడత. పై పెదవి మీద నేను పెట్టని నొక్కు. గుడ్డంతా ఎండి అట్టలా బిగిసింది, నోటి దగ్గర మాత్రం రూపాయి బిళ్ళంత తడి. పొట్ట మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. షెడ్డులోకి ఎండ రాదని నీకు తెలుసు. రోజూ నా కాళ్ళ మధ్య తిరిగే పిల్లి ఇప్పుడు గుమ్మంలోనే ఆగి లోపలికి చూస్తోంది.

చెవి బాగులేదు, మళ్ళీ చేస్తానని బాబురావన్నతో చెప్పాను. చాలాసేపు వంగి చూశాడు. "ఉండనియ్ భాయ్. దేవుడు మనిషైండంటే ఏదో ఒక చెవితోనే కద అయ్యేది" అన్నాడు. వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి అడిగాడు: "ఎవల పిల్లగాడు?"

ఆయన వెళ్ళాక, ముద్ద చేసేద్దామని రెండుసార్లు చేతులు పెట్టాను. నలపలేకపోయాను. గీతా, మన బాబు ఇట్లాగే ఉన్నాడా? కాదని ఒక్క మాట రాయి, భయం తీరుతుంది.

నీ
శ్రవణ్

తాండూరు,
డిసెంబర్ 20

ప్రియమైన బావకు,

నేనూ వాణ్ణి చూడలేదు.

మత్తు దిగేసరికి పక్క ఖాళీగా ఉంది. చూస్తే తట్టుకోలేనని నాకు చూపించకుండానే తీసుకుపోయారు. "నువ్వన్న సూసినవ్" అని అందరూ అంటుంటే, కాదని చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

నీ ఉత్తరం చదివి అమ్మ దగ్గరికి వెళ్ళాను. గోంగూర తెంపుతోంది. నీ ఉత్తరం మాట ఎత్తలేదు. "అమ్మా, వాడు ఎట్లుండె?" అని మాత్రం అడిగాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

"మస్తు జుట్టుండె బిడ్డా. ఎడమ చెవి గింత మడతపడి ఉండె. పై పెదవి మీద నొక్కు. నేనే తుడిచి బట్టల సుట్టిన" అని ఏడ్చింది.

బావా, చాలాసేపు వీధి అరుగు మీదే కూర్చున్నాను, ఇంట్లోకి వెళ్ళాలంటే భయమేసింది. ఆ గడ్డి మీదికి వస్తున్నది వాళ్ళ దేవుడో మన బిడ్డో నాకు తెలియదు. బాబురావన్నకు తెలుసేమో, తెలియదేమో. అడగకు. ఎవరైనా సరే, ఒక ముఖం పట్టుకొని ఇంత దూరం వచ్చాడు. నలపకు. చర్చికి ఇచ్చెయ్యి, నలుగురూ చూడనీ.

ఈ ఉత్తరం వెనకే బస్సెక్కుతున్నాను. కళ్ళకు మాత్రం రంగు దిద్దకు. వాడు కళ్ళు తెరవనే లేదని అమ్మ చెప్పింది. నేను వచ్చాక, నా ఎదుట దిద్దు. వాడు మొదట చూసేది నన్నే కావాలి.

వస్తున్న
నీ గీత